పక్కన చోటుందా?

పిల్లలూ, మధ్యాహ్నం బడిలో గంట కొట్టగానే మీలో చాలామంది కంచాలు పట్టుకుని వరండాలోకి పరిగెత్తుతారు గదా! ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులలో ఆ పూట పెట్టే భోజనానికి ఒక పేరున్నది. దాన్ని “డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం” అంటారు. ఆ పేరు 2024లో పెట్టారు. పెట్టిన కొత్తలో, మా కోనసీమలోనే పుట్టి పెరిగిన ఒక కుర్రవాడు కంచం ముందు పెట్టుకుని, “మాస్టారండీ, ఈ సీతమ్మగారు మన బళ్ళో కొత్తగా వచ్చిన వంటావిడాండీ?” అని అడిగాడు. అందరూ గొల్లుమని నవ్వారు. నాకు మాత్రం వాడి ప్రశ్న నచ్చింది. ఎందుకంటే ఆవిడ నిజంగా వంటావిడే. తన ఇంటికి వచ్చినవాళ్ళకు వండి వడ్డించడం తప్ప ఆవిడ వేరే ఘనకార్యమేదీ చెయ్యలేదు.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరంలో ఉండే డొక్కా జోగన్నగారిని పెళ్ళాడి ఆ ఊరికి కాపురానికి వచ్చారు. గన్నవరం ఎక్కడున్నదో పటంలో చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలి తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ అవుతుంది. ఈ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న ముక్కోణపు నేలే కోనసీమ. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి ఇంకొక పాయ విడిపోతుంది. దాని పేరు వైనతేయ. వంతెనలు లేని ఆ రోజులలో అంతర్వేది తీర్థానికి వెళ్ళేవాళ్ళూ, పెళ్ళివారూ, బేరగాళ్ళూ ఆ దారిన ఏరు దాటేవాళ్ళు. పడవ కోసం కాచుకుని, పొద్దుపోయి, నకనకలాడుతూ రేవులో దిగినవాళ్ళకు సీతమ్మగారి ఇల్లే గతి. ఏ వేళప్పుడు తలుపు తట్టినా ఆవిడ పొయ్యి రాజేసేదనీ, మీదే కులమని ఎవరినీ అడిగేది కాదనీ మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకొక కథ కూడా చెప్పుకుంటారు. ఎన్నాళ్ళనుంచో అనుకుంటూ ఉండగా ఒకనాటికి ఆవిడకు అంతర్వేది నరసింహస్వామిని చూడబోయే వీలు చిక్కిందట. పల్లకీలో బయలుదేరారు. దారిలో ఒకచోట బోయీలు పల్లకీ దించి అలుపు తీర్చుకుంటున్నారు. అటుగా గన్నవరం వైపు పోతున్న కొందరు ప్రయాణికుల వెంట చిన్నపిల్లలున్నారు. ఆకలని పిల్లలు ఏడుస్తూంటే పెద్దవాళ్ళు, “ఇంకాస్త ఓర్చుకోండర్రా, సీతమ్మగారింటికి పోతే అన్నం తినవచ్చు” అని ఊరడిస్తున్నారు. ఈ మాట ఆవిడ చెవిని పడింది. పల్లకీ వెనక్కు తిప్పించి, వాళ్ళకన్న ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. ఆవిడ 1909లో పోయారు. గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువ నీళ్ళను అవతలి గట్టుకు చేర్చే అక్విడక్టు ఒకటున్నది. పాతకాలపు కట్టడం పక్కనే తర్వాత కొత్తది కట్టి, దానికి సీతమ్మగారి పేరు పెట్టారు. కింద నది, పైన కాలువ. చూడని పిల్లలు ఒకసారి తప్పక చూడవలసిన తమాషా అది.

ఇంతకూ నేను చెప్పదలచింది అన్నం సంగతి కాదు. అన్నానికి సర్కారు లెక్కలున్నాయి. ఒక్కొక్కరికి ఇంత బియ్యం, ఇంత పప్పు, ఏ రోజున గుడ్డు, ఏ రోజున చిక్కీ, ఏ రోజున రాగిజావ — అన్నీ కాగితం మీద రాసి ఉంటాయి. మన రాష్ట్రంలో బడిలో వండిన అన్నం పెట్టడం 2003 జనవరిలో మొదలైంది. అప్పటినుంచి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది, కూరలు మారుతూ వచ్చాయి, పంక్తి మాత్రం ఉండిపోయింది. ఆ పంక్తిలో మీ పక్కన ఎవరు కూర్చుంటారన్న సంగతి ఏ కాగితం మీదా ఉండదు. అది పూర్తిగా మీ చేతుల్లో ఉన్న విషయం.

నేను చాలా ఏళ్ళు కోనసీమ బడులలో పాఠాలు చెప్పాను. పంక్తుల మధ్య తిరుగుతూ ఒకటి గమనించేవాణ్ణి. కంచంలో అన్నం పెట్టించుకున్న పిల్లవాడు వెనక్కు తిరిగి, ఎక్కడ కూర్చోవాలా అని ఒక్కసారి వరండా అంతా చూస్తాడు. స్నేహితులున్నవాడికి ఆ చూపు రెప్పపాటే. “ఒరేయ్, ఇటు రారా!” అని ఎవరో పిలుస్తారు. ఎవరూ పిలవనివాడికి ఆ చూపు చాలాసేపు ఉంటుంది. నేను లోపల్లోపల అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. పది దాటిందంటే ఆ పిల్లవాడు గోడవైపు పోయి ఒంటరిగా కూర్చుంటాడు. కొందరు ధైర్యం చేసి, “పక్కన చోటుందా?” అని అడుగుతారు. దానికి మీ పిల్లలు చెప్పే జవాబు నాకు బాగా తెలుసు. “మావాడొస్తాడు” అంటారు. ఎవడూ రాడు. బెల్లు కొట్టేదాకా ఆ చోటు అలాగే ఖాళీగా ఉంటుంది.

ఇందులో తిట్టు లేదు, దెబ్బ లేదు. ఏ మాస్టారికీ పితూరీ చెయ్యడానికి వీలు లేదు. “ఏమిట్రా ఏడుస్తున్నావు?” అంటే ఏం చెప్పగలడు?

ఎనిమిదో తరగతి పిల్లలతో ఒకసారి ఒక ఆట ఆడించాను. తలా ఒక కాగితం ఇచ్చి, పక్కకు చూడకుండా, క్లాసులో ఉన్న అందరి పేర్లూ జ్ఞాపకం మీద రాయమన్నాను. ఆ క్లాసులో 41 మంది. ముందు పేర్లు చకచకా పడ్డాయి. ముప్పయి దాటాక కలాలు ఆగాయి, కళ్ళు పైకప్పు కేసి చూశాయి. కాగితాలన్నీ ఇంటికి తీసుకుపోయి హాజరుపట్టీతో సరిచూశాను. అల్లరివాడి పేరు అందరూ రాశారు. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి పేరూ అందరూ రాశారు. ఒక్క పిల్ల పేరు మాత్రం 33 కాగితాలలో లేదు.

ఆ పేరు నేను క్లాసులో పైకి చదవలేదు. చదివితే ఆ పిల్లకు కొత్త అవమానం తప్ప ఏమీ ఒరగదు. మీ ఉపాధ్యాయులెవరైనా ఈ ఆట ఆడించదలిస్తే ఈ మాట గుర్తుపెట్టుకోమనండి. నలుగురైదుగురు పిల్లల్ని విడిగా పిలిచి మాత్రం అడిగాను. ఎవరికీ ఆ పిల్ల మీద కోపం లేదు. “ఆ పిల్ల మంచిదేనండి. ఎలా మర్చిపోయామో తెలీదండి, ఆయ్” అన్నారు. అబద్ధం కాదు. వాళ్ళకు నిజంగానే తెలియదు.

ఆ పిల్లది వైనతేయ మీద, సముద్రానికి బాగా దగ్గరలో ఉన్న ఒక లంక. లంక అంటే ఏమిటో కోనసీమ పిల్లలకు చెప్పనక్కరలేదు. ఇతరుల కోసం చెబుతాను: ఏటి మధ్యన మేటవేసిన నేల అది. దొండ, మునగ, అరటి బాగా పండుతాయి. చుట్టూ నీళ్ళు. బడికి రావాలంటే రేవుకు నడిచి, పడవ ఎక్కి, ఇవతల దిగి, ఏటిగట్టు మీద మళ్ళీ నడవాలి. పడవ నిండితేగాని సరంగు తాడు విప్పడు. అందుచేత ఆ పిల్ల కొన్ని రోజులు ప్రార్థన ముందే వచ్చేది, కొన్ని రోజులు రెండో పీరియడుకు వచ్చేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఎక్కడ చోటు దొరుకుతుందో మీకు తెలుసు. చివరి బెంచీలో, గుమ్మం పక్కన. సాయంకాలం అందరూ ఆటలకు పోయే వేళకు పడవ వెళ్ళిపోతుందని పరుగు తీసేది. ఆడుకోవడానికి ఉండదు, ఉదయం కబుర్లకు అందదు. ఆమెను ఎవరూ వెలివేయలేదు. పడవ వేళలే ఆ పని చేశాయి.

ఇప్పుడు కొంచెం సైన్సు చెప్పుకుందాం. కిప్లింగ్ విలియమ్స్ అని ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడున్నాడు. ఆయన ఒకనాడు తన కుక్కతో పార్కులో కూర్చుని ఉండగా, ఇద్దరు మనుషులు ఆడుకుంటున్న ప్లాస్టిక్ పళ్ళెం దొర్లివచ్చి ఆయన వీపుకు తగిలింది. తీసి వాళ్ళకు విసిరాడు. వాళ్ళు తిరిగి ఆయనకు విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి వాళ్ళిద్దరూ ఆయనకు విసరడం మానేసి తమలో తామే ఆడుకోసాగారు. వాళ్ళెవరో ఆయనకు తెలియదు, మళ్ళీ కనిపించరు కూడా. అయినా ఆయనకు ప్రాణం చివుక్కుమన్నది. ఇంత చిన్నదానికి ఇంత బాధ ఎందుకని ఆలోచించి, దాన్ని కంప్యూటరు మీద బంతాటగా మార్చాడు. తెర మీద ముగ్గురు ఆటగాళ్ళు. ఒకడు మీరు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ మీకు బంతి వెయ్యరు. అంతే ఆట!

2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విలియమ్స్‌తో కలిసి ఒక ప్రయోగం చేశారు. 13 మందిని మెదడును ఫొటో తీసే యంత్రంలో పడుకోబెట్టి ఈ బంతాట ఆడించారు. బంతి రావడం ఆగిపోయినప్పుడు మెదడులో ఒకచోట పని ఎక్కువైంది. వొంటికి దెబ్బ తగిలినప్పుడు పనిచేసే చోట్లలో అదొకటి! ఆ భాగం ఇంకా అనేక పనులు కూడా చేస్తుంది కాబట్టి, రెండు బాధలూ అచ్చంగా ఒకటేనా అన్న విషయంలో శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు ఇంతకన్న వింతగా తోచిన సంగతి మరొకటున్నది. 2004లో విలియమ్స్, మరి ఇద్దరూ ఇదే ఆట ఆడిస్తూ, “అవతల మనుషులెవరూ లేరు, ఆడేది కంప్యూటరే” అని ముందుగానే చెప్పేశారు. అయినా బంతి రాకపోయేసరికి ఆడేవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. యంత్రం మన ముఖం చూడకపోతేనే మనసు కష్టపడుతుందంటే, రోజూ మన పక్కన కూర్చునే మనిషి చూడకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ లంక పిల్ల తండ్రి కొబ్బరికాయల ఒలుపు పనికి వెళ్ళేవాడు. ఆ యేడు సంక్రాంతికి ముందు ఒకరోజు బడికి వచ్చి, చేతులు కట్టుకుని, “మేష్టరుగారండీ, మా పిల్ల టి.సి. ఇప్పించండి. చదవనంటోందండి” అన్నాడు. ఆ పిల్లను పిలిచి కారణం అడిగాను. మార్కులు తక్కువని కాదు, డబ్బు లేదని కాదు. తలవంచుకుని, “బళ్ళో నాకోసం ఎవరూ చూడరండి” అన్నది. వస్తే వచ్చిందనీ, రాకపోతే రాలేదనీ అనేవాళ్ళు లేని చోటికి రెండు గట్లు దాటి రోజూ ఎందుకు రావాలని ఆ పిల్ల ప్రశ్న. నేను ఆ తండ్రితో, “పండగ దాటాక నెలరోజులు ఆగవయ్యా, అప్పటికీ వద్దంటే ఇస్తాను” అన్నాను. ఆయన సరేనన్నాడు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో పిల్లల్ని పంక్తినుంచి దూరంగా పెట్టడం ఒకప్పుడు మరుపు వల్ల జరిగింది కాదు, తెలిసి తెలిసి చేశారు. భీమరావ్ అంబేద్కర్ గారు చిన్నతనంలో మహారాష్ట్రంలోని సతారాలో చదివారు. ఆయన కూర్చోవడానికి విడిగా ఒక గోనెపట్టా. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టాను ముట్టుకోడు. సాయంకాలం ఆయనే చుట్టి ఇంటికి మోసుకుపోయి, మర్నాడు మళ్ళీ తెచ్చుకోవాలి. దాహమైతే కుళాయి ముట్టుకోకూడదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్ళు. బంట్రోతు లేని రోజున నీళ్ళే లేవు. ఇదంతా ఆయనే తర్వాత రాసుకున్నారు. రాజ్యాంగం రాయడంలో పెద్ద చెయ్యి అయిన మనిషి బాల్యం అది. 2022లో కోనసీమ విడి జిల్లా అయి, ఆ యేడే ఆయన పేరు తాల్చింది. మీరు పుస్తకం అట్ట మీద “డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా” అని రాస్తున్నప్పుడు ఆ గోనెపట్టా గుర్తుకు రావాలని నాకు ఉంటుంది.

మన కోనసీమలోనే, మామిడికుదురులో, 1911లో బోయి భీమన్నగారు పుట్టారు. దళిత కుటుంబంలో పుట్టి, చదువుకుని, గొప్ప కవి అయ్యారు. ఆయన రాసిన “పాలేరు” నాటకంలో పాలేరు పని చేసే కుర్రవాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అవుతాడు. ఆ నాటకం ఊరూరా ఆడారు. అటువంటి కుర్రవాణ్ణి పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోవడం ఆ రోజులలో చిన్న విషయం కాదు.

ఇప్పుడు గోనెపట్టాలు లేవు. చట్టం ఒప్పదు. కాని “మావాడొస్తాడు” అనే మాట ఎవరితో ఎక్కువగా అంటారో ఒక వారం రోజులు గమనించి చూడండి. లంక పిల్లలతో, ఒలుపు పనివాళ్ళ పిల్లలతో, ఫలానా పేట నుంచి వచ్చే పిల్లలతో అంటారా? లేక ఎవరితోనైనా సమానంగానే అంటారా? నా లెక్క నేను చెప్పను. మీ లెక్క మీరు వేసుకోండి.

సరే, నెలరోజుల గడువు పెట్టుకున్నాను గదా. “అందరూ స్నేహంగా ఉండండర్రా” అని చెబితే సరిపోతుందా? పిల్లలు “సరేనండీ” అంటారు, వరండాలోకి పోయి ఎప్పటి చోట్లలో కూర్చుంటారు. దీనికి ఎల్లియట్ అరాన్‌సన్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ అనే ఊళ్ళో, అంతవరకూ వేరువేరు బడులలో చదివిన తెల్లపిల్లల్నీ, నల్లపిల్లల్నీ, మెక్సికో కుటుంబాల పిల్లల్నీ ఒకే బడిలో కలిపారు. కలిపారేగాని పిల్లలు కలవలేదు. కొట్లాటలు మొదలయ్యాయి. అరాన్‌సన్, ఆయన శిష్యులూ క్లాసులో కూర్చుని చూస్తే, మాస్టారు ప్రశ్న అడగ్గానే కొందరు “నేను, నేను” అని చేతులెత్తుతున్నారు, ఒకడు తప్పు చెబితే ఇంకొకడు సంతోషిస్తున్నాడు. అప్పుడు వాళ్ళు ఒక పని చేశారు. పిల్లల్ని ఐదారుగురి జట్లు చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చారు. ఒకరి ముక్క ఇంకొకరి దగ్గర లేదు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద! ఇక పక్కవాడు చెప్పేది వినక గత్యంతరం ఏమున్నది?

ఆ జట్లలో ఒకదానిలో కార్లోస్ అనే కుర్రవాడున్నాడని అరాన్‌సన్ రాశాడు. ఇంగ్లీషు వాడి ఇంటి భాష కాదు, మాట తడబడుతుంది. మొదట పిల్లలు వెక్కిరించారు. వెక్కిరిస్తే వాడు ముడుచుకుపోతాడు, వాడు ముడుచుకుపోతే వాడి ముక్క ఎవరికీ అందదు, పరీక్షలో మార్కులు పోతాయి. కొద్ది రోజులకు పిల్లలే నిదానంగా ప్రశ్నలడిగి వాడిచేత చెప్పించడం నేర్చుకున్నారు. తీరా విన్నాక వాళ్ళకు ఆశ్చర్యం! వీడు తాము అనుకున్నంత మొద్దు కాడే! ఇందులో నాకు నచ్చినదేమిటంటే, ముందు మంచితనం వచ్చి తర్వాత వినడం మొదలు కాలేదు. స్వార్థం కోసం వినడం మొదలుపెట్టారు, వినగా వినగా స్నేహం వచ్చింది.

నేను గోదావరి పాఠాన్ని ఇలాగే ఐదు ముక్కలు చేశాను. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్ట ఒకటి, గౌతమి ఒకటి, వసిష్ఠ ఒకటి, వైనతేయ ఒకటి, గన్నవరం అక్విడక్టు ఒకటి. వైనతేయ ముక్క ఎవరికి ఇచ్చి ఉంటానో మీరు ఊహించే ఉంటారు. మొదటి రోజు ఆ పిల్ల కాగితంలో ఉన్నది గొణిగి ఊరుకుంది. జట్టులో ఒక కుర్రవాడు, “గట్టిగా చెప్పవే, బెల్లు కొట్టేస్తారు” అని విసుక్కున్నాడు. రెండో రోజు వాడే, వాడికి తోచకో ఏమో, “రోజూ ఆ ఏరు దాటే వస్తావు గదా, ఒకరోజు ముందూ ఒకరోజు ఆలస్యమూ ఎందుకొస్తావు?” అని అడిగాడు.

ఆ ప్రశ్నతో ఆ పిల్ల నోరు విప్పింది. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది. పోటు వేళ ఉప్పునీరు వైనతేయలోకి ఎగదన్నుతుంది, పడవ నేరుగా రేవుకు వస్తుంది. ఆటు వేళ నీళ్ళు తీసి, ఇసుక తిప్పలు బయటపడతాయి. అప్పుడు పడవ తిప్పల చుట్టూ తిరిగి రావాలి. ఒక్కొక్కసారి దిగి నెట్టాలి. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతూ ఉంటుంది. ఈ లెక్క పుస్తకంలోది. ఆ పిల్లకు నిమిషాలు తెలియవు. “ఇవాళ పోటు బడి వేళకొచ్చిందనుకో, రేపు బడి మొదలయ్యాక వస్తుంది. అమావాస్యకీ పున్నానికీ ఇంకా పెద్ద పోటు” అని చెప్పింది. పక్క జట్లవాళ్ళు కూడా తమ కాగితాలు వదిలి ఇటు తిరిగారు. చంద్రుణ్ణి బట్టి బడికి వచ్చే మనిషి తమ క్లాసులో ఉన్నదని వాళ్ళకు అంతవరకూ తెలియదు!

ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల ఆలస్యంగా వస్తే, “ఇవాళ ఆటా?” అని అడిగేవాళ్ళు. ముందు బెంచీలో ఒక అమ్మాయి సంచీ పెట్టి చోటు ఆపేది. నెల గడిచింది, టి.సి. మాట మళ్ళీ రాలేదు. ఆ పిల్ల 2024లో పదో తరగతి పాసయింది. అన్నీ ఇలాగే జరుగుతాయని మాత్రం అనుకోకండి. ఆ యేడే అదే క్లాసులో ఇంకొక కుర్రవాడు దసరాకు వెళ్ళి తిరిగి రాలేదు. వాడి పేరు కాగితాలన్నిటిలోనూ ఉన్నది, వాడికి బోలెడుమంది స్నేహితులు. ఇంట్లో అప్పులున్నాయి, చేపల చెరువు మీద పనికి పెట్టారు. స్నేహంతో తీరని కష్టాలు వేరే ఉన్నాయి.

అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. పిల్లవాడు ఇంటికి వచ్చి ఒక కొత్త పేరు చెబితే మనవైపు మొదట అడిగే ప్రశ్న, “వాళ్ళెవళ్ళు?” అని. పిల్లవాడికి ఆ ప్రశ్న అర్థం కాకపోవచ్చు, కాని అడిగిన గొంతు అర్థమవుతుంది. మర్నాడు పంక్తిలో ఆ గొంతే పనిచేస్తుంది. దాని బదులు, “ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావురా?” అని అడిగి చూడండి. వారంలో రెండుసార్లయినా పేరు మారుతున్నదేమో గమనించండి.

ఇక వరద సంగతి చెప్పి ముగిస్తాను. గోదావరికి వరదలు కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయిందంటే, ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పటికీ గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. ఈ పిల్లలు తొమ్మిదికి వచ్చిన యేడు, 2022 జులైలో, ఎర్రనీరు మళ్ళీ అలాగే దిగింది. 25 లక్షలు దాటింది. లంకలు మునిగాయి. మా బడికి సెలవులిచ్చారు. సెలవులయ్యాక గట్టు మీది పిల్లలం పాఠాలు మొదలుపెట్టాంగాని లంక పిల్లలకు పడవలు లేవు. ఈ క్లాసులో వాళ్ళు నలుగురు.

నేనేమీ చెప్పకముందే పిల్లలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. రోజుకు నలుగురు చొప్పున, తమ నోట్సు రాసుకున్నాక, మళ్ళీ ఒక ప్రతి ఆ నలుగురి కోసం తెల్లకాగితాల మీద రాసేవాళ్ళు. “ఫోనులో ఫొటో తీసి పంపితే పోలేదా?” అన్నాను. “లంకలో కరెంటు లేదండి. ఫోన్లన్నీ చచ్చిపోయుంటాయండి” అన్నారు. నాకు తట్టని సంగతి వాళ్ళకు తట్టింది. ఇందులో చేతిరాత బాగున్న ఆడపిల్లల మీదే పని ఎక్కువ పడిందని ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. అది న్యాయమైన ఫిర్యాదే. అప్పటినుంచి కోడిగీతలవాళ్ళకు కూడా వంతులు వేశారు.

నీరు తీసి పడవలు నడిచిన రోజున లంక పిల్లలు నలుగురూ వచ్చారు. పుస్తకాలు కొన్ని నానిపోయి లావెక్కాయి, చెప్పులకు బురద. వాళ్ళ కాగితాలు వాళ్ళకు ఇచ్చారు. వెనకటి యేడు “బెల్లు కొట్టేస్తారు” అని విసుక్కున్న కుర్రవాడు ఆ కట్టలో పాఠాలతోబాటు తన సొంత ఆలోచన కొద్దీ కోనసీమ పటం కూడా గీసి, నదులకు నీలం రంగు వేసి పెట్టాడు. ఆ పిల్ల దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, “వైనతేయని వసిష్ఠకి ఆవలేపు గీశావేంట్రా! రాజోలుని పట్టుకెళ్ళి నరసాపురం వేపు తోసేశావు” అన్నది. వాడు నాలిక కరుచుకుని, పెట్టెలోంచి రబ్బరు తీశాడు.